పాల బిల్లు వేరు, ఆదాయం వేరు

(పాతబస్తీ పాల ఉత్పత్తిదారుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మామూలుగా మేము సమావేశాలకు వస్తే వెన్న శాతం గురించి, డబ్బాల శుభ్రత గురించి, బాకీల వసూలు గురించి మాట్లాడుతాము. ఈ రోజు వాటి జోలికి పోవడం లేదు. గత కొంతకాలంగా ఏ సంఘానికి తనిఖీకి వెళ్లినా, రికార్డులు మూసి బయటికి వచ్చేటప్పుడు సభ్యులు మమ్మల్ని నిలబెట్టి అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "సారూ, పాల పైసలు నా ఖాతాల పడితే పింఛను బంద్ అయితదట, నిజమేనా?" అని ఒకరు. "రేషన్ కార్డు తీసేస్తరట గదా సాబ్" అని ఇంకొకరు. "పిల్ల పెండ్లికి దరఖాస్తు పెడదామంటే ఆదాయం ఎంత రాయాల్నో సమజ్ అయితలేదు" అని మరొకరు. ఈ మూడు ప్రశ్నలకు మూలం ఒక్కటే. దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము.

మనం ఎవరి లెక్కలో ఉన్నాము?

పాలకు, ఈ బస్తీకి చుట్టరికం పాతది. దూద్ బౌలి అని పాల పేరే పెట్టుకున్న మొహల్లా ఇక్కడే ఉన్నది. ఇండ్లు ఇరుకైనా, గల్లీలు సందులైనా, రెండు బర్రెలను కట్టుకొని బతికే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. యాదవ సోదరులున్నారు, ముస్లిం సోదరులున్నారు, మగదిక్కు లేని ఇండ్లను పాడి మీదనే నెట్టుకొస్తున్న అక్కలున్నారు.

పల్లెలో పాడి రైతుకు, పట్నంలో పాడి పెట్టుకున్నవారికి ఒక పెద్ద తేడా ఉన్నది. పల్లెలో ఆయనకు ఎకరమో, అరెకరమో పొలం ఉంటుంది. గట్టు మీద గడ్డి దొరుకుతుంది. పట్టాదారు పాసు పుస్తకం ఉంటుంది కనుక 2018లో మొదలైన రైతు బంధు, రైతు బీమా వంటి పథకాలు ఆయనకు అందాయి. మనకు నాలుగు గుంజలు, రెండు పగ్గాలు తప్ప పట్టా భూమి లేదు. గడ్డి మోపు కూడా కొనుక్కోవలసిందే. మూసీ ఒడ్డున పెంచిన పచ్చగడ్డి బండ్ల మీద వస్తే తప్ప మన బర్రె ముందు పచ్చని పోచ కనబడదు. జీతగాండ్లం కాము కనుక భవిష్య నిధి లేదు, ఈ.ఎస్.ఐ. ఆస్పత్రి లేదు. వ్యాపారస్తులమా అంటే బజారులో దుకాణం లేదు. కాగితాల మీద మన వంటి వారికి పెట్టిన పేరు స్వయం ఉపాధి పొందుతున్నవారు.

కాబట్టి మనకు సర్కారు నుండి అందేది పేదలకు ఉద్దేశించిన పథకాల ద్వారానే. రేషన్ బియ్యం, ముసలివారికి, వితంతువులకు, వికలాంగులకు పింఛను, ఆరోగ్యశ్రీ, ఆడపిల్ల పెండ్లికి షాదీ ముబారక్ లేదా కల్యాణ లక్ష్మి సాయం. వీటిలో చాలావాటికి ఆదాయ పరిమితి ఉన్నది. జీతగాని ఆదాయం జీతం కాగితం మీద ఉంటుంది. మన ఆదాయం ఎక్కడ ఉంటుంది? అసలు చిక్కు ఇదే.

నియమాలు ఏమంటున్నాయి?

ముందుగా రేషన్ కార్డు. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుకు కుటుంబ వార్షికాదాయం పల్లెలలో లక్షన్నర రూపాయలు, పట్టణాలలో 2 లక్షల రూపాయలు మించరాదని 2014లో పెట్టుకున్న నియమం. ఈ కార్డు ఒక్క బియ్యానికే కాదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీకి ఇదే ఆధారం. ఆ పథకం కింద వైద్య సాయం పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 2024లో మొదలైన 200 యూనిట్ల ఉచిత కరెంటుకు కూడా ఈ కార్డే అడిగారు. 2025 ఉగాది నుండి సన్న బియ్యం ఇస్తున్నది కూడా ఈ కార్డు మీదనే. కనుక కార్డు పోవడమంటే ఒక సంచి బియ్యం పోవడం కాదు, ఇంటి దూలం కదలడం.

రెండవది పెండ్లి సాయం. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలై, 2018లో 1,00,116 రూపాయలకు పెరిగింది. పిల్లకు 18 ఏండ్లు నిండి ఉండాలి. పట్టణాలలో తల్లిదండ్రుల ఆదాయం 2 లక్షలు మించరాదు.

మూడవది ఆసరా పింఛను. ఇది 2014 నవంబరులో మొదలైంది. అప్పుడు 1,000 రూపాయలు, 2019లో 2,016 రూపాయలు అయింది. అందరినీ భయపెడుతున్న మాట ఈ పింఛను నియమాలలోనే ఉన్నది, కనుక దీనిని కొంచెం వివరంగా చెబుతాము.

2014లో ఇచ్చిన ఉత్తర్వులో ఎవరు పింఛనుకు అర్హులు కారో రాశారు. నిర్ణయించిన విస్తీర్ణానికి మించి భూమి ఉన్నవారు, పిల్లలు ఉద్యోగాలలో ఉన్నవారు, రైస్ మిల్లులు, పెట్రోలు బంకులు, దుకాణాల వంటివి ఉన్నవారు, నాలుగు చక్రాల బండి ఉన్నవారు అర్హులు కారు. డాక్టర్లు, కాంట్రాక్టర్లు అయిన పిల్లలున్నవారి వరుసలోనే, "స్వయం ఉపాధి" పొందే పిల్లలున్నవారు అన్న మాట కూడా పడింది. ఇవి గాక, జీవన విధానాన్ని, వృత్తిని, ఆస్తులను చూసి విచారణాధికారి అనర్హులని తేల్చవచ్చునని కూడా ఉన్నది.

ఈ మాట బయటికి వచ్చి గల్లీ గల్లీ తిరిగేసరికి "బర్రె ఉంటే పింఛను లేదు" అన్నంత దూరం పోయింది. కాని అదే ఉత్తర్వులో ఇంకొక భాగం ఉన్నది. దానిని ఎవరూ చెప్పరు. భూమి లేని కూలీలు, మురికివాడలలో నివసించేవారు, రిక్షా తొక్కేవారు, తోపుడు బండి నెట్టేవారు, పండ్లు, పూలు అమ్ముకునేవారు, చెప్పులు కుట్టేవారు, ఏ రోజుకారోజు సంపాదించి బతికేవారు, ఇటువంటి ఇతరులు పల్లెలోనున్నా పట్నంలోనున్నా అర్హులుగా పరిగణించాలని రాసి ఉన్నది.

ఇప్పుడు ఆలోచించండి. పూలమ్మే ఆమె చేసేది స్వయం ఉపాధి కాదా? తోపుడు బండి ఎవరి జీతం కింద నడుస్తున్నది? అంటే స్వయం ఉపాధి అన్న ఒక్క మాటతో తలుపు మూతపడదు. డాక్టరు, కాంట్రాక్టరు పక్కన కూర్చోబెట్టదగిన వ్యాపారమా, పూలు, పండ్లు అమ్ముకునే వారి పక్కన కూర్చోబెట్టదగిన బతుకుదెరువా అన్నది చూడవలసి ఉన్నది. రెండు బర్రెలున్న ఇల్లు ఈ రెండింటిలో ఏ వైపుకు వస్తుందో మనకు తెలుసు. విచారణకు వచ్చిన అధికారికి అది తెలియాలంటే మాత్రం మన చేతిలో కాగితం ఉండాలి. కాగితం లేకపోతే ఆయన కొట్టంలోని బర్రెలను లెక్కపెట్టుకొని, బ్యాంకు ఖాతాలోని అంకె చూసుకొని పోతాడు.

బర్రె ఎంత తిన్నదో బ్యాంకుకు తెలియదు

పదిహేను రోజులకొకసారి ఖాతాలో పడే సొమ్ము మన ఆదాయం కాదు. అది పాల ధర. అందులో దాణా ఉన్నది, గడ్డి ఉన్నది, మందులున్నవి, కొట్టం కిరాయి ఉన్నది. బ్యాంకు పుస్తకం చూసినవారికి ఇవేవీ కనబడవు. ఒక ఉదాహరణ చెబుతాము. అంకెలు మీ మీ ఇండ్లలో కొంచెం అటూ ఇటూ ఉండవచ్చును.

ఒక ఇంట్లో రెండు బర్రెలున్నాయి. ఇంటి వాడకం పోను రోజుకు 10 లీటర్లు పోస్తారు. చూడి కట్టి వట్టిపోయిన రోజులు తీసివేసి సంవత్సరానికి 300 రోజులు పాలు పోశారనుకుందాము. 3,000 లీటర్లు. లీటరు 50 రూపాయల చొప్పున 1,50,000 రూపాయలు.

ఇక ఖర్చు చూడండి. బర్రె వట్టిపోయినా దాని కడుపు వట్టిపోదు, కనుక మేత లెక్క 365 రోజులకూ వేయాలి. రెంటికీ కలిపి రోజుకు 6 కిలోల దాణా, కిలో 30 రూపాయల వంతున సంవత్సరానికి 65,700. పచ్చగడ్డి, వరిగడ్డి కలిపి రోజుకు 100 రూపాయలు, అంటే 36,500. మందులు, సూదులు, బీమా 6,000. కొట్టం కిరాయి, నీళ్లు, కరెంటు నెలకు 1,000 చొప్పున 12,000. మొత్తం 1,20,200 రూపాయలు. మిగిలింది 29,800. నెలకు రెండున్నర వేలు కూడా కాదు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి పేడ తీసినదానికి, పాలు పిండినదానికి ఇంటిల్లిపాదీ కూలి ఇందులోనే.

ఇదే లెక్కన నాలుగు బర్రెలున్న ఇంటికి పాల బిల్లు 3 లక్షలు వస్తుంది. ఖాతా చూసినవారు 2 లక్షల పరిమితి దాటిందంటారు. కాని మిగులు 59,600 మాత్రమే. అన్యాయం జరిగేది ఇక్కడే. అర్హత ఉండి కూడా, లెక్క చూపలేక కార్డు పోగొట్టుకునేది ఇటువంటి ఇండ్లే.

రాబడి అంతా లాభం కాదన్నది మేము కొత్తగా చెబుతున్న మాట కాదు. ఆదాయపు పన్ను చట్టమే చిన్న వ్యాపారికి మొత్తం రాబడిలో నూటికి 8 వంతులు, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 వంతులు లాభంగా చూపుకొనే వీలు కల్పించింది. ఆ సూత్రం రేషన్ కార్డుకు వర్తిస్తుందని మేము చెప్పడం లేదు. రాబడి వేరు, ఆదాయం వేరు అని చట్టాలు కూడా ఒప్పుకున్నాయని మాత్రమే చెబుతున్నాము.

ఐతే ఒక హెచ్చరిక. కుటుంబ ఆదాయం అంటే పాల మిగులు ఒక్కటే కాదు. కొడుకు ఆటో నడిపితే అది, ఇంటి ముందు గది కిరాయికిస్తే అది, సంఘానికి పోయకుండా ఇరానీ హోటలుకో, మిఠాయి దుకాణానికో విడిగా పోసిన పాల డబ్బు కూడా కలుపవలసిందే. ఖర్చు రాసుకునే చేయి రాబడిని దాచరాదు.

మారు పేరు మీద పాలు

ఇప్పుడు సహకార శాఖ వారిగా మమ్మల్ని ఎక్కువగా బాధ పెడుతున్న విషయానికి వస్తాము. పింఛను పోతుందన్న భయంతో చాలామంది, ముఖ్యంగా వితంతువులు, తమ పాలను ఇతరుల పేరు మీద పోస్తున్నారు. మరిది పేరు, అల్లుని పేరు, పక్కింటివారి పేరు. పైకి చూస్తే ఉపాయంగా కనబడుతుంది. దీని వలన జరిగే నష్టం ఏమిటో ఒక సభ్యురాలి సంగతి చెబితే తెలుస్తుంది. పేరు, ఊరు అవసరం లేదు.

భర్త పోయినప్పుడు ఆమెకు రెండు బర్రెలు మిగిలాయి. వితంతు పింఛను వచ్చింది. ఎవరో చెప్పిన మాట విని తన సభ్యత్వాన్ని పక్కన పెట్టి, పాలన్నీ మరిది పుస్తకంలో రాయించింది. మూడేండ్లు గడిచాయి. మరిది మంచివాడే, బిల్లు పడగానే తెచ్చి ఇచ్చేవాడు. సంవత్సరాంతాన సంఘం బోనసు పంచినప్పుడు అది పుస్తకంలో ఉన్న పేరుకే పోయింది. ఇచ్చాడో లేదో వారికే తెలియాలి. తర్వాత ఒక బర్రె చచ్చిపోయింది. బీమా కాగితం మీద కూడా మరిది పేరే ఉన్నది. సొమ్ము ఆయన ఖాతాలో పడింది. అప్పటికి ఆయనకూ అప్పులున్నాయి. తనిఖీలో ఆమె మా దగ్గరికి వచ్చి, "సారూ, బర్రె నాది, పాలు నావి, పేరు ఒక్కటే నాది గాదు. నాకు రావాల్సింది ఇప్పియ్యుండ్రి" అన్నది. మేము రిజిస్టరు తిప్పి చూశాము. మూడేండ్లలో ఆమె పేరున ఒక్క లీటరు లేదు. "అమ్మా, సంఘం పుస్తకంలో ఏమున్నదో అదే మాకు సాక్ష్యం. పేరు లేనిచోట మేము ఏమిప్పిస్తాము?" అని చెప్పవలసి వచ్చింది.

అంతటితో ఐపోలేదు. పాలకవర్గం ఎన్నికలు వస్తే ఓటర్ల జాబితాలో ఆమె పేరు లేదు. చాలా సంఘాల నిబంధనలలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసిన సభ్యులకే ఓటు అని ఉంటుంది. సహకార సంఘంలో పది బర్రెలున్నవారికైనా, ఒక బర్రె ఉన్నవారికైనా ఓటు ఒక్కటే. బీదవారికి అంతకు మించిన ఆస్తి ఇంకొకటి లేదు. నెలకు 2,016 రూపాయలు కాపాడుకోబోయి ఆమె ఓటు, బోనసు, బీమా సొమ్ము, అప్పు తీసుకునే అర్హత, మూడేండ్ల చరిత్ర అన్నీ పోగొట్టుకున్నది. విచారం ఏమిటంటే, రెండు బర్రెల పాలు తన పేరుననే పోసి, లెక్క రాసి పెట్టుకొని ఉంటే, తన బతుకుదెరువు ఏపాటిదో ఆ పుస్తకమే చెప్పేది. విచారణకు ఎవరు వచ్చినా ఎదురుగా పెట్టి మాట్లాడగలిగేది.

మారు పేరు వలన ఇంకొక ప్రమాదమున్నది. మీ పాలు, ఆయన పాలు ఒకే ఖాతాలో కలిసి పడితే ఆయన రాబడి రెండింతలుగా కనబడుతుంది. రేపు ఆయన రేషన్ కార్డుకు ముప్పు వస్తే ఆ పాపం ఎవరిది? ఒకరిని కాపాడబోయి ఇద్దరు మునిగినట్లవుతుంది.

యంత్రం చూసే చూపు

ఒకప్పుడు విచారణ అంటే ఒక గుమాస్తా ఇంటికి వచ్చి, గడపలో నిలబడి నాలుగు మాటలు అడిగి రాసుకొని పోయేవాడు. ఇప్పుడు ఆధార్ నంబరుతో కంప్యూటర్లు ఒక శాఖ లెక్కను ఇంకొక శాఖ లెక్కతో కలిపి చూస్తున్నాయి. బండి ఎవరి పేరు మీద ఉన్నది, ఆస్తి ఎవరిది, ఏ పథకం ఎవరికి అందింది అన్నీ ఒకచోట చేరుతున్నాయి. దీని వలన దొంగ కార్డులు పట్టుబడిన మాట ఎంత నిజమో, నిజమైన బీదలు నష్టపోయిన మాట కూడా అంతే నిజం. తెలంగాణలో ఈ విధంగా రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. యంత్రం చెప్పిన మాట మీద ఆధారపడకుండా మనుషులను పంపి క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ వ్యాజ్యం వేసింది ఈ హైదరాబాదు నగరానికి చెందిన ఒక సామాజిక కార్యకర్తయే.

దీని నుండి మనం నేర్చుకోవలసినది రెండు సంగతులు. ఒకటి, దాచితే దాగే రోజులు పోయాయి. రెండు, యంత్రం తప్పు చేస్తే సరిదిద్దించుకునే హక్కు మనకున్నది. కాని ఆ హక్కు వాడుకోవడానికి మన దగ్గర రుజువు ఉండాలి.

ముఖ్యంగా బండ్ల విషయం. పాల డబ్బాలు వేసుకొని పోవడానికి నాలుగు చక్రాల చిన్న ట్రాలీని బంధువుల కోసమో, ఫైనాన్సు కోసమో మీ పేరు మీద తీసుకోనివ్వకండి. అమ్మిన బండిని వెంటనే కొన్నవారి పేరుకు మార్పించండి. బండి ఎప్పుడో చేతులు మారినా కాగితం మీద మీ పేరు ఉన్నంతకాలం యంత్రానికి మీరే యజమాని.

కరెంటు మీటరు సంగతి కూడా చూసుకోండి. ఉచిత కరెంటు ఇంటి వాడకానికి ఇచ్చినది. చొప్ప కోసే యంత్రం, నీళ్ల మోటరు అన్నీ ఇంటి మీటరుకే తగిలిస్తే 200 యూనిట్లు దాటుతాయి. దాటిన నెల బిల్లు మొత్తం కట్టవలసిందే. కొట్టానికి వేరే మీటరు ఉంటే ఇంటి లెక్క ఇంటిది, కొట్టం ఖర్చు కొట్టానిది. ఆ బిల్లు మీ ఖర్చుల లెక్కకు రసీదుగా కూడా పనికి వస్తుంది.

ఇక చేయవలసిన పనులు

మొదటిది. పది రూపాయల నోటు పుస్తకం ఒకటి కొనండి. ఎడమ పేజీలో వచ్చినది, కుడి పేజీలో పోయినది. దాణా బస్తా, గడ్డి మోపు, పశువుల డాక్టరు, కిరాయి. ఏ రోజుది ఆ రోజు రాయండి. చదువు రానివారు బడికి పోయే పిల్లతో రాయించండి. దాణా రసీదులు ఒక డబ్బాలో వేసి పెట్టండి.

రెండవది. పాల పాసు పుస్తకం మీ పేరుననే ఉండాలి, సొమ్ము మీ ఖాతాలోనే పడాలి. నామినీ పేరు సంఘం రిజిస్టరులో రాయించండి.

మూడవది. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీ సేవలో దరఖాస్తు పెట్టేటప్పుడు నోటికి వచ్చిన అంకె వేయవద్దు. దరఖాస్తు నింపే పిల్లవాడు "ఎంత రాయాలె?" అంటే "ఎంతో కొంత రాయి బిడ్డా" అనడం మన అలవాటు. ఒకసారి 60,000, ఇంకొకసారి లక్షన్నర అని రాస్తే రెండు కాగితాలు ఎదురెదురుగా పెట్టినప్పుడు రెండూ అబద్ధమవుతాయి. పుస్తకంలో తేలిన అంకెనే ఎక్కడికైనా ఇవ్వండి. పత్రం ఇచ్చేది తహసీల్దారు గారు. మధ్యవర్తులు ఇచ్చేది కాదు.

నాలుగవది. నోటీసు వస్తే దూలంలో దోపి మరచిపోవద్దు. అందులో వేసిన గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి, అందినట్లు ముద్ర వేయించుకోండి. నోటీసు లేకుండానే బియ్యం ఆగితే సర్కిల్ పౌర సరఫరాల ఆఫీసుకు, పింఛను ఆగితే మీ మండల తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి కారణం రాసి ఇవ్వమని అడగండి. అక్కడ తేలకపోతే సోమవారం నాడు కలెక్టరు ఆఫీసులో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వవచ్చును. రేషన్ విషయంలో జిల్లాకొక ఫిర్యాదుల అధికారి ఉండాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టమే చెప్పింది. ఒంటరిగా పోవడానికి జంకితే సంఘం కార్యదర్శిని వెంట తీసుకొని వెళ్లండి.

నలభై ఏండ్ల లోపు పిల్లలకు ఇంకొక మాట. మీకు జీతం లేదు కనుక ముసలితనానికి మీరే ఏర్పాటు చేసుకోవాలి. 2019లో వచ్చిన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకాన్ని మన వంటి అసంఘటిత పనివారి కోసమే పెట్టారు. చేరే వయసు 18 నుండి 40. నెలసరి ఆదాయం 15,000 మించరాదు, ఆదాయపు పన్ను కట్టేవారు కారాదు. 18వ ఏట చేరితే నెలకు 55 రూపాయలు, 29వ ఏట చేరితే 100, 40వ ఏట చేరితే 200. మీరు ఎంత కడితే కేంద్ర ప్రభుత్వం అంత కలుపుతుంది. 60 నిండిన తర్వాత నెలకు 3,000 రూపాయలు. చేరే ముందు పథకం నియమాలు కేంద్రంలో అడిగి తెలుసుకోండి. రేపు మీ అమ్మ వలె మీరు పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగవలసిన అవసరం తగ్గుతుంది.

పెరిగినవారు పక్కకు జరగాలి

ఇంతవరకు చెప్పినదంతా అర్హులు భయపడవద్దని. ఇప్పుడు ఎదుటి వైపు మాట కూడా చెప్పకపోతే మా ధర్మం నెరవేరదు. పైన చెప్పిన లెక్కనే 20 బర్రెలున్నవారికి వేయండి. మిగులు 2,98,000 రూపాయలు తేలుతుంది. అంటే 13, 14 బర్రెలు దాటిన కొట్టం పరిమితిని దాటినట్లే. అటువంటివారు పేదల కార్డును పట్టుకొని ఉంటే, పుస్తకం రాయకుండా ఉండడమే వారికి లాభం. వారి వంకన విచారణ అందరి మీద పడుతుంది, చివరకు రెండు బర్రెల ఇల్లు నలుగుతుంది. పాడి కలిసివచ్చి ఎదిగినవారు కార్డును స్వయంగా తిరిగి ఇస్తే అందులో చిన్నతనం లేదు. సంఘం వలన ఒక కుటుంబం పైకి వచ్చిందని మేము గర్వంగా చెప్పుకుంటాము.

కార్యదర్శులకు, పాలకవర్గాలకు

చివరిగా మీకు ఒక విన్నపం. సభ్యులు వచ్చి ఆదాయం కాగితం ఇవ్వమంటారు. ఆదాయాన్ని ధ్రువపరచే అధికారం సంఘానికి లేదు. ఐతే, "ఈ సభ్యురాలు ఈ సంవత్సరంలో ఇన్ని లీటర్లు పోసినది, విలువ ఇంత, అందులో దాణా కింద ఇంత, అప్పు వాయిదా కింద ఇంత మినహాయించాము, చేతికి ఇచ్చినది ఇంత" అని రిజిస్టరులో ఉన్నది ఉన్నట్లు రాసి ఇవ్వవచ్చును, ఇవ్వాలి కూడా. మొత్తం విలువ ఒక్కటే రాసి మినహాయింపులు వదిలిపెట్టడం సభ్యునికి అన్యాయం చేయడమే. అడిగినవారి మీద జాలిపడి తగ్గించి రాయడం మరొక నేరం. రేపు తనిఖీలో ఆ కాగితం, రిజిస్టరు ఎదురెదురుగా పెడితే తలదించుకోవలసింది మీరే.

మారు పేర్ల విషయంలో కూడా గట్టిగా ఉండండి. ఒక ఇంట్లో రెండు బర్రెలు ఉన్నాయని తెలిసి, ఆ పుస్తకంలో రోజుకు 30 లీటర్లు రాస్తున్నామంటే ఎవరి పాలో కలుస్తున్నాయని అర్థం. ఆ అక్కను పిలిచి, భయం పోగొట్టి, ఆమె పేరున పుస్తకం తెరవండి. వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందే ప్రతి సంఘంలో ఈ పని పూర్తి కావాలని కోరుతున్నాము. మేము తనిఖీకి వచ్చినప్పుడు మొదట అడిగేది ఇదే.

సర్కారు సాయం తీసుకోవడం సిగ్గుపడవలసిన పని కాదు. బర్రెను సాకడం అంతకన్నా కాదు. ఈ రెండింటిలో ఒకదానిని దాచి ఇంకొకదానిని కాపాడుకోవలసిన అవసరం లేదు. మీ బర్రె మీ పేరున, మీ పాలు మీ పేరున, మీ లెక్క మీ చేతిలో ఉండనివ్వండి. సందేహమున్నవారు పాసు పుస్తకాలు తీసుకొని రండి, సమావేశం ముగిసిన తర్వాత ఎంతసేపైనా కూర్చుని చూస్తాము.